దత్తత గడ్డి

దస్తగిరి పెళ్లిచూపుల నాడు "అబ్బాయి ఏం చేస్తుంటాడు" అని అవతలివాళ్లు అడిగితే, అతని మేనమామ ఉన్నమాటే చెప్పాడు. "గడ్డి పీకుతుంటాడు."

అందులో అబద్ధమేమీ లేదు. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, గడ్డిజాతుల మీద పరిశోధన చేసిన మనిషి దస్తగిరి. గడ్డిని వేళ్లతో సహా పీకి, పాత వార్తాపత్రికల మధ్య ఆరబెట్టి, అట్టకు కుట్టి, కింద పేరు రాయడం అతని పని. ఆ సంబంధం కుదరలేదు. తర్వాతి సంబంధం వాళ్లకు మేనమామ "గవర్నమెంటుకు దగ్గర దగ్గరగా ఉండే ఉద్యోగం" అని చెప్పాడు. అది కుదిరింది.

ఆ దగ్గర దగ్గర ఉద్యోగం తృణభూమి సంరక్షణ మండలిలో. హైదరాబాదులో మూడంతస్తుల కార్యాలయం, కర్నూలు వైపు ఎర్రబోడు అనే ఆరువందల ఎకరాల బీడు, ఇవీ మండలి ఆస్తులు. కార్యాలయంలో నలభై మంది పనిచేస్తారు. బీడులో దస్తగిరి ఒక్కడు. ఇరవై రెండేళ్లుగా అక్కడే, పెంకుల కప్పున్న రెండు గదుల్లో, భార్యాపిల్లల్ని నంద్యాలలో ఉంచి, ఆదివారాలు వెళ్లొస్తూ ఉన్నాడు.

ఎర్రబోడులో చెట్టనేది లేదు. అందువల్ల కాగితాల్లో దాన్ని బంజరు అని రాస్తారు. దస్తగిరి పీకి చూసినంత మేరకు అక్కడ అరవై మూడు రకాల గడ్డి ఉంది. పక్కనున్న చినగోనేపల్లి కురుబలు తమ తాతల నాటి నుంచి ఒక కొస నుంచి ఇంకో కొసకు వంతులవారీగా గొర్రెల్ని మేపుకుంటూ పోతారు. గొర్రె కొరికిన చోట గడ్డి మళ్లీ పొడుస్తుంది. తొలకరి పడి, గడ్డి మోకాలెత్తు లేవగానే ఎక్కడి నుంచో నేలనెమలి వస్తుంది. కోడిపెట్టంత పక్షి. దేశం మొత్తంలో కొన్ని వందలే మిగిలాయంటారు. ఆడపక్షి కంటపడాలని మగపక్షి గడ్డిలోంచి మనిషెత్తు పైకి ఎగిరి, ఒక్క క్షణం గాల్లో రెక్కలు కొట్టుకుని, మళ్లీ అక్కడే దిగుతుంది. రోజుకు నాలుగైదు వందల సార్లు ఎగురుతుంది. దస్తగిరి ఏడాదంతా ఆ రెండు నెలల కోసం బతికేవాడు.

అలాంటివాణ్ని ఒక నవంబరులో హైదరాబాదు రమ్మన్నారు.

మండలి సంచాలకులు చక్రపాణి గారు ఏదో పెద్ద పదవి చేసి రిటైరై వచ్చినాయన. ఆ పదవి పోయినా దాని భాష పోలేదు. "దస్తగిరీ, దాతృలోకంలో తృణం తీవ్ర నిరాదరణకు గురవుతున్నది" అని మొదలుపెట్టారు. "పులికి ఇస్తున్నారు. ఏనుగుకు ఇస్తున్నారు. చెట్టుకు సైతం ఇస్తున్నారు. గడ్డి అనగానే నవ్వి ఊరుకుంటున్నారు. దీనిపై మాళవిక గారు ఒక మార్గాన్ని ఆవిష్కరించియున్నారు."

మాళవిక విరాళాల విభాగానికి కొత్తగా వచ్చిన అధికారి. అంతకుముందు ఇంకా పునాది తవ్వని ఫ్లాట్లు అమ్మేది, అన్నీ అమ్మేసింది కూడా. చురుకైన పిల్ల. అబద్ధం చెప్పేది కాదు, నిజాన్ని ఎటునుంచి చూపించాలో తెలిసినది.

"కొత్త నిబంధన వచ్చింది దస్తగిరి గారూ" అంది. "విరాళం ఇచ్చేవాళ్లకు లబ్ధిదారు ఎవరో కనబడాలి. పేరుండాలి, నంబరుండాలి, మూడు నెలలకోసారి ఫొటో పంపాలి. ఆరువందల ఎకరాలు అంటే ఎవరికీ ఏమీ అనిపించదు. కానీ ఒక దుబ్బు ఉందనుకోండి, దానికి వాళ్ల పేరో, వాళ్ల అమ్మ పేరో పెట్టుకున్నారనుకోండి, అప్పుడు అది వాళ్లది. దత్తత."

"దుబ్బుకా?" అన్నాడు దస్తగిరి.

"దుబ్బుకే."

"ఫొటో కావాలంటే నేలనెమలి ఉంది కదమ్మా."

"నేనూ అదే అనుకున్నాను. కానీ అది రెండు నెలలుండి వెళ్లిపోతుందట కదా. మిగతా త్రైమాసికాల్లో దేన్ని ఫొటో తీస్తాం?"

గడ్డి వేసవిలో ఎండిపోతుందని, చచ్చినట్టు కనబడుతుందని, పైన చచ్చినా కింద వేళ్లలో ప్రాణం ఉంటుందని దస్తగిరి చెప్పబోయాడు. చక్రపాణి గారు చెయ్యెత్తారు. "క్షేత్రస్థాయి నైరాశ్యాన్ని ప్రధాన కార్యాలయానికి తీసుకురాకూడదు" అన్నారు. ఆ రోజు నుంచే దస్తగిరి హోదా క్షేత్రాధికారి నుంచి లబ్ధిదారుల సంక్షేమాధికారిగా మారింది. పని అదే, కుర్చీ అదే.

సంక్రాంతి పండగ ముగిసేసరికి లారీలో అయిదువేల రేకు ఫలకాలు దిగాయి. ఒక్కో దుబ్బు ముందు ఒక ఇనుప పుల్ల, దానికి అరచేయంత ఫలకం, దాని మీద నంబరు, అప్పటికే దత్తత కుదిరినవాటికి పేరు. చినగోనేపల్లి నుంచి కూలీలను పెట్టి వరసగా పాతించారు. బీరప్ప అనే ముసలి గొర్లకాపరి కర్ర చంకన పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఎనభై రెండు జీవాలు. దస్తగిరి వచ్చిన కొత్తలో ఏ గడ్డి ఎప్పుడు పూస్తుందో నేర్పింది బీరప్పే. అప్పటి నుంచి ఒకరికొకరు మామా అల్లుళ్లు.

"ఏందల్లుడా ఇది, గడ్డికి ఆధార్ కార్డా?"

"అట్లాంటిదే మామా."

"దీనిమింద ఎవురి పేరుండాది?"

దస్తగిరి వంగి చదివాడు. "పదకొండువందల నలభై మూడు. జనార్దనం."

"ఎవురాయప్ప?"

"తెలీదు. హైదరాబాదులో ఎవరో ఒకామె చనిపోయిన భర్త పేరు పెట్టుకుంది."

బీరప్ప ఆ దుబ్బును కాసేపు చూశాడు. మామూలు బోదగడ్డి. "పాపం" అన్నాడు. ఆ పాపం ఎవరి గురించో దస్తగిరి అడగలేదు.

పథకం అద్భుతంగా నడిచింది. మార్చి నాటికి అయిదువేల దుబ్బులకూ తల్లిదండ్రులు దొరికారు. పుట్టినరోజులకు దుబ్బు బహుమతిగా ఇచ్చారు. ఒక కంపెనీ తన ఉద్యోగులందరికీ ఉగాది మిఠాయి బదులు తలో దుబ్బు పంచింది, ఉద్యోగులు ఏమనుకున్నారో తెలియదు. మాళవికకు ప్రమోషన్ వచ్చింది. చక్రపాణి గారు ఒక సభలో "తృణప్రాయం అనే మాటను నిఘంటువుల నుంచి తొలగించాలి" అని డిమాండు చేశారు.

ఏప్రిల్‌లో ఎండలు ముదిరాయి. ఎర్రబోడు ఎప్పటిలాగే పసుపురంగుకు, ఆ తర్వాత బూడిదరంగుకు తిరిగింది. దస్తగిరి నిబంధన ప్రకారం అయిదువేల ఫొటోలు తీసి పంపాడు.

వారం తిరక్కుండానే ఫోన్లు మొదలయ్యాయి. మా అమ్మ ఎందుకు ఎండిపోయింది అని ఒకరు. మా మనవరాలి మొదటి పుట్టినరోజుకు దత్తత తీసుకుంటే ఇలాగా చూసుకోవడం అని ఒకరు. ఇంకొకాయన తన దుబ్బు పక్క దుబ్బుకంటే ఎక్కువ ఎండిందని, పక్కదాని యజమాని ఎవరో తెలియాలని సమాచారం కోరాడు. కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకపై ఏ లేఖలోనూ ఎండు, వాడు, చచ్చు అనే ధాతువులు వాడరాదు. విశ్రాంత దశ అని రాయవలెను.

విశ్రాంత దశ అని రాసినా ఫొటోలో బూడిదరంగే కనబడుతోంది. కాబట్టి నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి.

"సార్, దీనికిప్పుడు నీళ్లు పొయ్యకూడదు" అని దస్తగిరి ఫోన్లో చెప్పాడు. "నిద్రపోయేదాన్ని లేపి అన్నం పెట్టినట్టు."

"లబ్ధిదారు ఆకలితో నిద్రపోతుంటే లేపి అన్నం పెట్టడమే సంక్షేమం" అన్నారు చక్రపాణి గారు.

ఫలకం ఉన్న ప్రతి దుబ్బుకూ ఒక చెంబెడు నీళ్లు, రోజూ. చినగోనేపల్లిలో బిందెకు రెండు గంటలు వరస కట్టే రోజులవి. ఊరి ఆడవాళ్లు బీడు గట్టున నిలబడి, ట్యాంకరు వెంట చెంబు పట్టుకుని తిరిగే దస్తగిరిని చూసేవారు. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే అతనికి కష్టంగా ఉండేది. మూడోరోజు ట్యాంకరు డ్రైవరుతో మాట్లాడి, ఊళ్లో ఆపి బిందెలు నింపాకే బీడుకు రమ్మన్నాడు. లబ్ధిదారులకు చెంబు అరచెంబు అయింది. ఎవరూ ఫిర్యాదు చేయలేదు.

మే నెల రెండో వారానికి ఆరువందల ఎకరాల బూడిదరంగు మధ్య అయిదువేల పచ్చటి చుక్కలు లేచాయి. ఒక మంగళవారం పొద్దున బీరప్ప మంద అటుగా పోయింది. కరువు రోజుల్లో కిలోమీటరు దూరం నుంచి పచ్చదనం వాసన పట్టగల జీవాలవి. మొట్టమొదట దాటేది ఉత్తరపు గట్టు, గట్టు దగ్గర మొట్టమొదటి ఫలకం పదకొండువందల నలభై మూడు. బీరప్ప పరిగెత్తుకొచ్చి అదిలించేలోపు జనార్దనం లేడు.

దస్తగిరి ఈ సంగతి రిపోర్టులో ఒక్క వాక్యంగా రాశాడు. "1143 నంబరు దుబ్బును గొర్రె మేసినది." గడ్డి శాస్త్రవేత్తగా అది వార్తే కాదనుకున్నాడు. రెండురోజుల్లో తిరుగుజవాబు వచ్చింది. అందులో మొదటి పంక్తి: "నమోదిత లబ్ధిదారుపై జరిగిన దాడిని మండలి తీవ్రంగా పరిగణిస్తున్నది."

తక్షణ చర్యగా బీడు చుట్టూ ముళ్లతీగ కంచె వేశారు. గొర్రెల ప్రవేశాన్ని నిషేధించారు. పూర్తిస్థాయి విచారణకు ముగ్గురు సభ్యుల సంఘాన్ని నియమించారు.

సంఘం జూన్‌లో జీపులో వచ్చింది. సభ్యుల్లో ఎవరూ అంతకుముందు బీడును చూసినవారు కాదు. అందువల్ల నిష్పాక్షికంగా ఉంటారని నియమించారు. చినగోనేపల్లి బడి వరండాలో బల్ల వేసుకుని బీరప్పను పిలిచారు. దస్తగిరి పక్కన నిలబడి రాసుకున్నాడు.

"ఘటనాస్థలిలో ఫలకం స్పష్టంగా ఉండెనా?" అని అధ్యక్షుడు అడిగాడు.

"ఉండె సారూ."

"ఉన్నప్పటికీ గొర్రె ఎందుకు తిన్నది?"

"దానికి సదువు రాదు సారూ." బీరప్ప కాస్త ఆలోచించి, "నాకూ రాదు" అన్నాడు.

సభ్యులు ముగ్గురూ ఏదో రాసుకున్నారు. "ఏ గొర్రె?"

"ఏదో ఒగటి. మంద కదా."

"సామూహిక బాధ్యత అంటున్నావా?"

బీరప్ప దస్తగిరి వైపు చూశాడు. దస్తగిరి కాగితం వైపు చూశాడు.

మర్నాడు ఎనభై రెండు గొర్రెలనూ బడి ఆవరణలో వరసగా నడిపించారు. ప్రతిదాన్నీ రెండువైపుల నుంచీ ఫొటో తీశారు. నిందితురాలిని గుర్తించలేకపోయారు. సంఘం నాలుగు నెలలు కూర్చుని అరవై నాలుగు పేజీల నివేదిక ఇచ్చింది. గొర్రెకు దురుద్దేశం ఉన్నట్టు రుజువు కాలేదు, లేనట్టు కూడా రుజువు కాలేదు అని తేల్చింది. నిషేధాన్ని శాశ్వతం చేయమని సిఫారసు చేసింది.

ఈలోపు వానలు పడ్డాయి. ఆ ఏడు మంచి వానలే. జులైలో దస్తగిరి తెల్లవారగానే మెడలో దుర్భిణి వేసుకుని ఉత్తరపు గట్టు మీద కూర్చునేవాడు. గొర్రెలు లేని బీడులో గడ్డి నడుమెత్తు పెరిగి, తన బరువుకు తానే వాలి, కింద పాత ఎండుగడ్డి చాపలా పేరుకుపోయింది. నీళ్లు పోసిన చోటల్లా సర్కారు తుమ్మ మొలకలు లేచాయి. ఫలకాలు ఎండకు తళతళలాడాయి. పక్షి రాలేదు. ఆగస్టులో రాలేదు. సెప్టెంబరు ఆఖరుకు దుర్భిణిని పెట్టెలో పెట్టేశాడు. ఇరవై రెండేళ్లలో అలాంటి వానాకాలం లేదు. ఆ నెలంతా అతను ఆదివారాలు నంద్యాల వెళ్లలేదు. వెళ్తే, పక్షి వచ్చిందా అని కూతురు అడుగుతుంది.

బీరప్ప మేతకు దారిలేక నలభై జీవాలను ఆదోని సంతలో అమ్మేశాడు. అమ్మిన రోజున వచ్చి దస్తగిరి గది ముందు అరుగు మీద కూర్చున్నాడు. తిట్టాలనే వచ్చినట్టున్నాడు. దస్తగిరి టీ పెట్టి ఇచ్చాడు.

"నువ్వు రాయకుంటే ఏమైతుండె అల్లుడా?" అన్నాడు చివరికి.

"ఏమీ కాకుండె మామా."

"మరెందుకు రాసినావు?"

చూసింది చూసినట్టు రాయడం దస్తగిరికి చదువులో నేర్పిన మొదటి పాఠం. బీరప్ప టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయాడు.

పదకొండువందల నలభై మూడు సంగతి మాత్రం అక్కడితో ఆగలేదు. మొదటి వానకే అది కొరికిన మొదళ్ల నుంచి కొత్తగా పొడిచి, మొదటికంటే రెండింతలు గుబురుగా పెరిగింది. కంచె లోపలున్న దుబ్బుల్లో అంత ఆరోగ్యంగా ఉన్నది అదొక్కటే. దస్తగిరి సంతోషంగా రాసి పంపాడు, లబ్ధిదారు బతికే ఉన్నాడని. మండలి నుంచి జవాబు: "విచారణ సంఘం మరణాన్ని నిర్ధారించిన పిమ్మట లబ్ధిదారు జీవించియుండుట నిబంధనలకు విరుద్ధం. అదే స్థలమందు ఏదేని తృణం మొలచినచో దానిని కొత్త దరఖాస్తుదారుగా పరిగణించి 5001 నంబరు కేటాయించవలెను. మృత లబ్ధిదారు కుటుంబానికి సంతాప లేఖ పంపడమైనది."

ఆ సంతాప లేఖ అందుకున్నావిడ అక్టోబరు ఆఖరి వారంలో చినగోనేపల్లిలో బస్సు దిగింది. పేరు ఇందుమతి. అరవై ఏడేళ్లుంటాయి. టెలిఫోన్ల శాఖలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. చేతిలో ఒక గుడ్డసంచీ, అందులో నీళ్ల సీసా, ఆ ఉత్తరం.

"దస్తగిరి అంటే నువ్వేనా బాబూ?" అంది. "మా ఆయన పోయారని ఉత్తరం వచ్చింది."

ఆవిడ ఉత్తరం తీసి చదివింది. ఫోన్లలో ముప్పై ఏళ్లు మాట్లాడిన మనిషి, ప్రతి అక్షరం స్పష్టంగా పలికింది. "తమ ప్రియతమ జనార్దనం గారి అకాల మరణానికి మండలి ప్రగాఢ సంతాపం తెలియజేస్తున్నది. వారు ఒక గొర్రె కారణంగా..." అక్కడ ఆగింది. "మూడేళ్ల కిందట నిజంగా పోయినప్పుడు వాళ్ల డిపో వాళ్లు కూడా ఇంత బాగా రాయలేదు."

క్షమించమని దస్తగిరి అన్నాడు. తప్పు మండలిది కాదని, తనదని, అసలు గడ్డి చావలేదని ఒకదాని మీద ఒకటి చెప్పుకుంటూ పోయాడు. ఆవిడ వింది. "సరే, చూపించు" అంది.

ఉత్తరపు గట్టు దాకా నడిచారు. దారిలో ఆవిడే చెప్పింది. జనార్దనం బస్సు కండక్టరు. నంద్యాల, కర్నూలు రూటులో ముప్పై ఒక్కేళ్లు. ఈ బీడు పక్కగానే వాళ్ల బస్సు పోయేదట. కిటికీలోంచి చూస్తే ఏమీ అడ్డం లేకుండా అంతదూరం కనబడేది ఇక్కడొక్కచోటే అని చెప్పేవాడట. అందుకని ఇక్కడ పేరు పెట్టించింది.

కంచె అవతల బీరప్ప ఉన్నాడు, మిగిలిన జీవాలను రోడ్డు పక్కన మేపుతూ. మనుషుల్ని చూసి వచ్చాడు. దస్తగిరి ఇద్దరికీ పరిచయం చేశాడు. పరిచయం ఎలా చేయాలో తెలియక ఉన్నదే చెప్పాడు. "ఈయన గొర్రే అమ్మా తిన్నది."

"తప్పైపాయె తల్లీ" అన్నాడు బీరప్ప తలపాగా తీసి.

ఇందుమతి పదకొండువందల నలభై మూడు ముందు కూర్చుంది. అక్టోబరు ఎండలో కంకులు తలలూపుతున్నాయి. పక్కన పదకొండువందల నలభై నాలుగు, ఎవరూ తాకకుండా కాపాడుకున్నది, లోపల కుళ్లి నల్లబడి ఉంది.

"తిన్నది ఇట్లా ఉంది, తిననిది అట్లా ఉందేం?" అంది.

"గొర్రె కొరికితేనే పాతది పోయి కొత్తది పొడుస్తాది తల్లీ" అన్నాడు బీరప్ప. "ముట్టకుంటే దాని ఎండు దానికే ఊపిరాడనీదు. ఈ సారుకు తెల్సు. ఎవురూ ఇనరు."

"వినరా?"

"నాలుగు ఉత్తరాలు రాశానమ్మా" అన్నాడు దస్తగిరి.

"ఏ హోదాలో రాశావు?"

"సంక్షేమాధికారిగా."

"అందుకే వినలేదు" అంది ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "నేను దాతను. నేను రాస్తాను."

ఆ రాత బస్సులోనే మొదలుపెట్టిందట. సారాంశం రెండు వాక్యాలు. తన భర్త పేరున్న దుబ్బును ఏటా గొర్రె చేత తినిపించాలి. అది మండలి చేయలేకపోతే, చేయగల మండలికి తన విరాళం మార్చుకుంటుంది. ఉత్తరం ప్రతులు మరో ముప్పై మంది దాతలకు పంపింది. వాళ్ల నంబర్లు ఎలా సంపాదించిందని ఎవరూ అడగలేదు, ఆవిడ చేసిన ఉద్యోగమే నంబర్లు కలపడం.

వారం రోజులు మండలిలో అలజడి. ఆపైన మాళవిక ఫోన్ చేసింది. గొంతులో ఒకరకమైన భక్తి. "దస్తగిరి గారూ, ఇది మనకెందుకు తట్టలేదండీ? బతికుండటం అందరూ ఇస్తారు. ఉపయోగపడటం ఎవరిస్తారు?"

జనవరిలో సార్థక మేత పథకం మొదలైంది. మామూలు దాత దుబ్బు నిలబడి ఉంటుంది. కాస్త ఎక్కువ ఇచ్చిన విశిష్ట దాత దుబ్బును గొర్రె తింటుంది. తిన్న తర్వాత ధ్రువపత్రం. "తమ లబ్ధిదారు ఫలానా తేదీ ఉదయం 9.40 గంటలకు ఒక దేశవాళీ గొర్రెచే సంతృప్తికరంగా భుజింపబడినది." కింద దస్తగిరి సంతకం, పక్కన నోట్లో పోచలతో గొర్రె ఫొటో. విచారణలో తీసిన ఎనభై రెండు గొర్రెల ఫొటోలు ఇప్పుడు పనికొచ్చాయి. దాతలు అందులోంచి తమకు నచ్చిన గొర్రెను ఎంచుకోవచ్చు. నలభై అమ్ముడుపోయాయని తెలిసి మండలే వాటి బదులు నలభై కొని బీరప్పకు అప్పగించింది. కంచె సేవకు ఆటంకం కలిగిస్తున్నదని పీకించారు. బీరప్పకు మేత భాగస్వామి అనే హోదా, మెడలో వేసుకోవడానికి ఫొటో కార్డు ఇచ్చారు. అతను దాన్ని తాయెత్తులా చొక్కా లోపలికి వేసుకున్నాడు.

"ఎంచుకున్న గొర్రే ఎంచుకున్న దుబ్బు తినాలంట మామా" అని దస్తగిరి చెప్పాడు.

"తింటాది" అన్నాడు బీరప్ప. "నాకెట్ల తెలుస్తాది?"

"తెలీనక్కర్లేదు. మందను వదులు."

మార్చికల్లా విశిష్ట దాతలు నాలుగువేలు దాటారు. తినబడని దుబ్బుల తాలూకు వాళ్లు చుట్టాల్లో తలెత్తుకోలేకపోతున్నామని ఉత్తరాలు రాశారు. వేసవికి ట్యాంకర్లు రాలేదు, తినబడిన దుబ్బుకు నీళ్లెందుకని. గొర్రెల కాళ్ల కింద ఫలకాలు సగానికి సగం పడిపోయి మట్టిలో కలిశాయి. సర్కారు తుమ్మ మొలకల్ని దస్తగిరి, బీరప్ప కలిసి పీకేశారు. ఎర్రబోడు మళ్లీ ఎర్రబోడులా కనబడసాగింది. తన ఉద్యోగ జీవితంలో ఒక శాస్త్రీయ ఫలితం సాధించడానికి ఎన్ని అశాస్త్రీయ కాగితాల మీద సంతకం పెట్టాడో దస్తగిరి లెక్కపెట్టుకోలేదు.

జులై పదో తారీకు పొద్దున, ముసురు కాస్త తెరిపిచ్చినప్పుడు, బీరప్ప గదికి వచ్చి గట్టిగా పిలవకుండా తలుపు మీద కర్రతో రెండుసార్లు తట్టాడు. ఇద్దరూ గట్టు వెనక బోర్లా పడుకున్నారు. కప్ప బెకబెకమన్నట్టు ఒక చప్పుడు. ఆపైన గడ్డిలోంచి నల్లటి పక్షి నిటారుగా లేచింది, రెక్కల మీది తెలుపు ఒక్కసారి మెరిసింది, దిగింది. మళ్లీ లేచింది. దస్తగిరి దుర్భిణి ఎత్తాడు గానీ అద్దాలు మసకబారాయి. వాన చినుకులనుకుని తుడుచుకున్నాడు. తుడిచినా మసకగానే ఉంది. బీరప్ప అటు తిరిగి మందను చూసుకుంటున్నట్టు నటించాడు.

పదకొండు గంటలకు ఫోను మోగింది. చక్రపాణి గారు.

"దస్తగిరీ, ఒక మహత్తర అవకాశం సంప్రాప్తించింది. ఆ ఎగిరే పక్షి ఏదో ఉండేదన్నావు కదా. అది రోజుకు ఎన్నిసార్లు ఎగురును?"

దస్తగిరి ఫోను పట్టుకుని కిటికీ వైపు జరిగాడు.

"అయిదువందల సార్లని మన పాత నివేదికలో ఉన్నది. రెండు నెలలకు ముప్పైవేలు. ఒక్కొక్క ఎగురుడుకు ఒక్కొక్క దాత. ఎగిరిన ప్రతిసారీ వీడియో, దాత పేరు, సమయం. మాళవిక గారు కెమెరా స్తంభాలకు, దీపాలకు ఉత్తర్వులు సిద్ధం చేసియున్నారు. దాతలు స్వయంగా దర్శించుటకు వేదిక కూడా. రెండువందల కుర్చీలు. పక్షి వచ్చినదా?"

గట్టు అవతల పక్షి ఎగిరింది. దస్తగిరి చూశాడు.

"రాలేదండి" అన్నాడు.

"ఈ ఏడు కూడానా?"

"రాలేదండి. ఇక రాదు కూడా."

అవతల నిరాశ. ఆపైన సంచాలకుల గొంతు తేరుకుంది. అట్లయితే రాకపోవుటకు కారణాలు వివరిస్తూ సమగ్ర నివేదిక పంపమన్నారు.

దస్తగిరి మూడురోజులు కూర్చుని రాశాడు. ఇరవై మూడేళ్లలో చూసింది చూసినట్టు తప్ప ఇంకొకటి రాయని చెయ్యి, మొదట కాస్త మొరాయించింది. ఆపైన కుదురుకుంది. వాతావరణం, పురుగుల సంఖ్య, వలస మార్గాలు, పటాలు, పట్టికలు, అన్నీ పెట్టాడు. నలభై పేజీలు. ఎర్రబోడులో నేలనెమలి ఎందుకు లేదో ఇంత నమ్మదగినట్టుగా ఎవరూ రాయలేరు, ఎందుకంటే ఎందుకుంటుందో అంత బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు. రాస్తున్నంతసేపూ కిటికీ అవతల అది ఎగురుతూనే ఉంది.

మండలి ఆ నివేదికకు ఆ ఏటి ఉత్తమ శాస్త్రీయ రచనగా బహుమానం ప్రకటించింది. సెప్టెంబరు మొదటి వారంలో హైదరాబాదు రమ్మన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, గట్టుకు నూరడుగుల దూరంలో, ఆడపక్షి నేడో రేపో పిల్లలయ్యే నాలుగు గుడ్ల మీద కూర్చుని ఉంది. వెళ్లకపోతే ఎందుకు రాలేదని జీపు వస్తుంది. వెళ్లాడు.

వేదిక మీద శాలువా కప్పారు. లేని పక్షిని గురించి చక్రపాణి గారు కంటతడి పెట్టించేలా మాట్లాడారు. మూడో వరసలో కూర్చున్న ఇందుమతి చప్పట్లు కొట్టకుండా దస్తగిరినే చూస్తూ ఉంది. సభ అయ్యాక దగ్గరికి వచ్చి, "వచ్చింది కదూ?" అంది, పెదవులు కదలకుండా. అతను తల దించుకున్నాడు. ఆవిడ శాలువా మడత సరిచేసినట్టు చేసి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం చినగోనేపల్లిలో బస్సు దిగేసరికి, బహుమానం వార్త రాయడానికి కర్నూలు నుంచి వచ్చిన విలేకరి, మండలి జీపు డ్రైవరు టీ దుకాణం దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లకు కాస్త ఎడంగా వేపపుల్ల నములుతూ బీరప్ప. విలేకరి కాగితం తీసి, పక్షి అంతరించిపోవడం మీద మీ అనుభూతి ఏమిటని అడిగాడు. దస్తగిరి చాలా బాధగా ఉందన్నాడు.

బీరప్ప పుల్ల నమలడం ఆపాడు. దస్తగిరి చూపు తన మీద పడేదాకా ఆగి, భుజం మీది కంబళి కింద నుంచి చెయ్యి కొంచెం బయటికి తీసి మూడు వేళ్లు చూపించాడు. ఆపైన, గొంతు సవరించుకుని, నాలుగోది కూడా.